విద్యార్థి చేతిలో హెలికాప్టర్: రిచ్‌మండ్ ప్రమాదం, ఒక క్యాసెట్, కొన్ని ప్రశ్నలు

కృష్ణలంక (విజయవాడ)

సభ్యులందరికీ నమస్కారం. మా చిన్నవాడు ఇంటర్ అయినప్పటి నుంచి హెలికాప్టర్ పైలట్‌నే అవుతానని పట్టుబట్టి కూర్చున్నాడు. అమెరికాలో ఒక శిక్షణ సంస్థలో సీటు వచ్చింది. నేర్పేది రాబిన్సన్ ఆర్-22 అనే రెండు సీట్ల హెలికాప్టర్ మీద అని కాగితాల్లో ఉంది. నేను కరెంటు పనిలో ముప్పై ఏళ్లు గడిపినవాణ్ణి. స్తంభం మీద ఏం జరుగుతుందో చెప్పగలను గానీ, ఆకాశంలో ఎగిరేవాటి సంగతి నాకు తెలియదు. ఫీజు కట్టేముందు ఆ యంత్రం గురించి దొరికినంత చదువుదామని కూర్చుంటే, 1992 జూన్ 29న కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్ దగ్గర జరిగిన ప్రమాదం కంటబడింది.

అందులో ఉన్నది ఒక ఇన్‌స్ట్రక్టర్, ఒక విద్యార్థి. విద్యార్థి పాఠాన్నంతా చిన్న క్యాసెట్ రికార్డరులో ఎక్కించుకుంటున్నారు. గాలిలో మామూలుగా సాగిపోతున్న హెలికాప్టర్ ఉన్నట్టుండి విరిగిపోయింది. ఇద్దరూ మరణించారు. క్యాసెట్ మాత్రం మిగిలింది. గురువు ఏదో చెబుతూ ఉండగానే మాట తెగిపోయి, అర్థంకాని ఒక అరుపు, దాని వెనకే గాలి హోరు వినిపించాయట.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను పనిచేసిన చోట లైన్‌మన్ షాక్ కొట్టి పోతే 'ఎల్సీ (లైనులో కరెంటు ఆపించి తీసుకునే అనుమతి) తీసుకోకుండా స్తంభం ఎక్కాడు' అని ఒక్క వాక్యం రాసి ఫైలు మూసేయడం నా కళ్లతో చూశాను. ఆ వాక్యం అబద్ధం కాకపోవచ్చు, కానీ ఆ మనిషి ఎల్సీ తీసుకోకుండా ఎందుకు ఎక్కవలసి వచ్చిందో అందులో ఉండదు. రిచ్‌మండ్ విషయంలో కూడా 'విద్యార్థి తప్పు' అని రాసి మూసేశారా? తప్పు విద్యార్థిదా, గురువుదా, యంత్రానిదా? తెలిసినవారు వివరించగలరని ప్రార్థన.

పాత_చేతక్ (అల్వాల్)

కృష్ణలంక గారూ, నేను వైమానిక దళంలో హెలికాప్టర్ల మరమ్మతు విభాగంలో పనిచేసి విరమించాను. పైలట్‌ను కాను. హకీంపేటలోని హెలికాప్టర్ శిక్షణ పాఠశాలలో కొత్త పైలట్లు చేతక్ అనే హెలికాప్టర్ మీద నేర్చుకుంటూ ఉంటే కింద నిలబడి చూసినవాణ్ణి. ఆర్-22ను నేను ముట్టుకోలేదు కాబట్టి దాని గురించి ఎక్కువ మాట్లాడను.

అయితే ఒక పోలిక చెప్పగలను. చేతక్ గరిష్ఠ బరువు 2,200 కిలోలు, రోటర్ (పైన తిరిగే రెక్కల చక్రం) వ్యాసం 11 మీటర్లు. ఆర్-22 గరిష్ఠ బరువు 622 కిలోలు, రోటర్ వ్యాసం 7.7 మీటర్ల లోపు. పెద్ద తిరగలిని తిప్పి వదిలేస్తే కొంతసేపు దానంతటదే తిరుగుతుంది. చిన్నది వెంటనే ఆగిపోతుంది. హెలికాప్టర్ రోటర్ కూడా అంతే. ఇంజన్ ఆగినప్పుడు పెద్ద రోటర్ ఇచ్చే వ్యవధిని చిన్న రోటర్ ఇవ్వదు. నేర్చుకునేవాడికి కావలసింది ముఖ్యంగా వ్యవధే కదా.

ఇంకొకటి, చేతక్‌కు మూడు రెక్కలు, ప్రతి రెక్కకూ విడివిడిగా కీళ్లు. ఆర్-22కు రెండే రెక్కలు, అవి పిల్లలాడుకునే తూగుడుబల్ల లాగా మధ్యలో తూగుతాయి. ఈ తేడా ఎందుకు ముఖ్యమో లెక్కలు తెలిసినవారు చెబితే బాగుంటుంది.

రోటరు_లెక్కలు (డల్లాస్)

నేను రోటర్ల గతిశాస్త్రం మీద పనిచేసే ఇంజనీరును. కృష్ణలంక గారి ప్రశ్నకు నేరుగా జవాబు ఇస్తాను: ఆ ఫైలును ఒక్క వాక్యంతో మూయలేదు. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి రిచ్‌మండ్‌ను ఒంటరి ప్రమాదంగా చూడకుండా, ఆర్-22లు గాలిలో ఉండగా ప్రధాన రోటర్ అదుపు తప్పి రెక్క సొంత శరీరాన్నే కొట్టిన ప్రమాదాలన్నిటినీ ఒకచోట పేర్చి, 1996 ఏప్రిల్‌లో ఒక ప్రత్యేక నివేదికను ఆమోదించింది. జార్జియా టెక్ విశ్వవిద్యాలయం వారు కంప్యూటరు నమూనాతో ఆ రోటర్ ప్రవర్తనను అనుకరించి చూశారు. సైక్లిక్‌ను, అంటే రోటర్‌ను ఎటు కావాలంటే అటు వంచే కర్రను, ఒక్కసారిగా ఎక్కువ దూరం కదిపితే రెక్కలు అతి తక్కువ వ్యవధిలో తమ హద్దు దాటి కిందికి వంగి శరీరాన్ని తాకగలవని ఆ అధ్యయనంలో కనిపించింది. రిచ్‌మండ్‌లో జరిగింది అటువంటిదే కావచ్చునన్నది మండలి మొగ్గు. విద్యార్థి చేతి కదలికను సరిదిద్దడానికి గురువుకు సమయం చాలి ఉండకపోవచ్చు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. ఆర్-22 రోటర్ నిమిషానికి దాదాపు 530 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు దగ్గరదగ్గర తొమ్మిది. మనిషి కన్ను ఒక వింత కదలికను గమనించి, మెదడు దాన్ని పోల్చుకుని, చేయి కదిలేలోపు అరసెకను పోయిందనుకున్నా రోటర్ నాలుగు చుట్లకు పైగా తిరిగేసి ఉంటుంది. రెక్క శరీరాన్ని తాకడానికి కొన్ని చుట్లు చాలు. కాబట్టి 'గురువు ఎందుకు ఆపలేదు' అన్న ప్రశ్నకు జవాబు గురువు నైపుణ్యంలో కన్నా ఈ లెక్కలోనే ఎక్కువగా ఉంది.

పాత_చేతక్ గారి తూగుడుబల్ల పోలిక చాలా సరైనది. దానికి మళ్లీ వస్తాను.

సందేహాలరావు (కాకినాడ)

అంత సున్నితమైన యంత్రాన్ని కొత్తవాళ్ల చేతిలో పెట్టడమే తప్పు కదండీ? దాన్ని శిక్షణ నుంచి నిషేధిస్తే సరిపోయేది. ఇందులో నివేదికలు, అనుకరణలు దేనికి?

రోటరు_లెక్కలు (డల్లాస్)

సందేహాలరావు గారి కోపం న్యాయమైనదే, కానీ చరిత్ర కొంచెం వేరు. ఫ్రాంక్ రాబిన్సన్ ఆ హెలికాప్టర్‌ను శిక్షణ కోసం రూపొందించలేదు. సొంత కారు లాగా మనుషులు వాడుకునే చవకైన హెలికాప్టర్ కావాలన్నది ఆయన ఆలోచన. 1979లో ధ్రువీకరణ వచ్చాక, గంటకు అయ్యే ఖర్చు మిగతా వాటికన్నా బాగా తక్కువ కావడంతో శిక్షణ సంస్థలే దాన్ని ఎగబడి కొన్నాయి. అలా అనుభవజ్ఞుడైన యజమాని కోసం తయారైనది అనుభవం లేని విద్యార్థి చేతిలోకి వచ్చింది.

నిషేధించలేదు గానీ, 1995లో అమెరికా ప్రభుత్వ విమానయాన నియంత్రణ సంస్థ ఒక అసాధారణమైన పని చేసింది. ఒక్క కంపెనీ హెలికాప్టర్ల కోసమే ఒక ప్రత్యేక నిబంధనను తెచ్చింది. దాన్ని ఆ రంగంలో అందరూ 'ఎస్ఎఫ్ఏఆర్ 73' అనే పిలుస్తారు. కొత్త విద్యార్థి ఆర్-22లో ఒంటరిగా ఎగిరే ముందు కనీసం 20 గంటలు గురువుతో కలిసి ఎగిరి ఉండాలి. నేర్పే వ్యక్తికి హెలికాప్టర్లలో 200 గంటలు, అందులో కనీసం 50 గంటలు ఆ యంత్రంలోనే అనుభవం ఉండాలి. పాఠాల్లో రోటర్ వేగం పడిపోవడం, మాస్ట్ బంపింగ్ (రోటర్ తనను మోసే కడ్డీనే గుద్దడం), లో-జీ (రోటర్ మీద బరువు దాదాపు లేని స్థితి) ప్రమాదాలు తప్పనిసరిగా చెప్పి, చెప్పినట్టు లాగ్‌బుక్‌లో సంతకం పెట్టాలి. దీనికి తోడు, అనుభవం తక్కువ ఉన్న పైలట్లు నేల మీద గాలి 25 నాట్లు (నాట్ అంటే గాలి వేగపు కొలమానం) దాటినప్పుడు, లేదా గాలి విసురుల మధ్య తేడా 15 నాట్లు మించినప్పుడు ఎగరకూడదని ఆంక్ష వచ్చింది. 1996 నివేదిక ఈ నియమాలను తాత్కాలికమైనవిగా చూసి వదిలేయవద్దని, కొనసాగించాలని కోరింది.

'విద్యార్థి తప్పు' అని మాత్రమే అనుకుని ఉంటే ఈ నియమాల్లో ఒక్కటీ వచ్చేది కాదు. విద్యార్థి తప్పు చేస్తాడని ముందే ఒప్పుకుని, ఆ తప్పుకు చోటు మిగిల్చే పని ఇది.

కుడిసీటు (ప్రస్తుతం టెక్సాస్, సొంతూరు తెనాలి)

నేను ఆర్-22లోనే నేర్చుకుని, ఆ తర్వాత అందులోనే ఏడాదిన్నర పాటు నేర్పాను. హెలికాప్టర్‌లో విద్యార్థి కుడి సీటులో, ఇన్‌స్ట్రక్టర్ ఎడమ సీటులో కూర్చుంటారు. రెండు సీట్లలోనూ భయపడ్డాను కాబట్టి రెండు వైపుల నుంచీ చెప్పగలను.

ముందుగా ఆ సైక్లిక్ గురించి. మిగతా చాలా హెలికాప్టర్లలో ఇద్దరికీ విడివిడిగా రెండు కర్రలు ఉంటాయి. ఆర్-22లో ఒక్కటే కర్ర ఇద్దరి మధ్య నుంచి పైకి వస్తుంది, దాని మీద కావడిబద్ద లాగా ఒక అడ్డకమ్మీ ఉంటుంది, ఆ కమ్మీ రెండు కొసలకూ పిడులు వేలాడుతూ ఉంటాయి. కావడిలో ఒకవైపు దిగితే రెండోవైపు లేచినట్టు, విద్యార్థి తన పిడిని తొడ మీదికి దించుకుంటే నా పిడి నా ఛాతీ ఎత్తుకు లేస్తుంది. గంటసేపు పాఠంలో చేయి గాల్లో పెట్టుకుని కూర్చోలేం. అలాగని దించుకుంటే అవసరమైనప్పుడు అందుకోవడానికి మళ్లీ పైకి వెళ్లాలి. అందుకని కుడి చేతిని మోకాలి మీద ఉంచి, వేళ్లు మధ్య కర్రకు జానెడు దూరంలో ఉండేలా చూసుకునేదాన్ని. రోటరు_లెక్కలు గారు చెప్పిన ఆ అరసెకనులో ఈ జానెడు కూడా కలిసే ఉంది.

నా రెండో వారంలో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. సంస్థ పేరు అనవసరం. ముందు రోజు వాన పడి గడ్డి నేల మెత్తగా ఉంది. నేలకు మూడడుగుల ఎత్తులో హోవర్ చేసి, అంటే గాలిలో కదలకుండా నిలిపి, నెమ్మదిగా దించమన్నారు. నేను దించుతూ, నాకు తెలియకుండానే కుడివైపుకు జారాను. కుడి స్కిడ్ (చక్రాలకు బదులు కింద ఉండే పొడవాటి కమ్మీ) గడ్డి దుబ్బులో దిగబడింది. యంత్రం కుడివైపుకు ఒరగడం మొదలుపెట్టింది. నేల నుంచి తప్పించుకోవాలంటే పైకి లేపాలని నా ఒళ్లు నాకు చెప్పింది. ఎడమ చేతిలోని కలెక్టివ్‌ను, అంటే యంత్రాన్ని పైకి లేపి దించే మీటను, పైకి లాగబోయాను. అది కదల్లేదు. గురువు గారి అరచేయి అప్పటికే ఆయన వైపు ఉన్న కలెక్టివ్ మీద ఉంది, ఆయన దాన్ని కిందికి నొక్కారు. హెలికాప్టర్ 'ధబ్' మని కూర్చుని, రెండుసార్లు ఊగి ఆగింది. ఆయన ఏమీ అనలేదు. ఇంజన్ ఆపాక దిగి, స్కిడ్ కింద గడ్డిలో పడిన గాడిని నాకు చూపించారు. జానెడు పొడవు, రెండు వేళ్ల లోతు ఉంది. అంతే.

దాన్ని డైనమిక్ రోలోవర్ అంటారు. స్కిడ్ నేలకు చిక్కుకున్నప్పుడు ఆ చిక్కుకున్న చోటే కీలులాగా మారి, రోటర్ ఎత్తే బలమంతా యంత్రాన్ని పైకి కాకుండా పక్కకు దొర్లిస్తుంది. ఒరుగుడు సుమారు 5 నుంచి 8 డిగ్రీలు దాటితే ఇక సైక్లిక్‌ను ఎంత ఎదురు తిప్పినా లాభం ఉండదు. చేయవలసిందల్లా కలెక్టివ్ దించడమే, కానీ ప్రాణభయం చేతిని పైకి లాగమంటుంది. విద్యార్థి ప్రమాదాల్లో ఎక్కువ భాగం ఇలాంటివే: అజ్ఞానం వల్ల కాదు, ఒంటికి సహజమైన ప్రతిస్పందన ఈ యంత్రంలో తప్పు కావడం వల్ల.

పాత_చేతక్ (అల్వాల్)

అమ్మా, నువ్వు ఆ గాడి కొలత ఇప్పటికీ గుర్తుపెట్టుకున్నావంటే ఆయన మంచి గురువే. మా దగ్గర చేతక్‌కు స్కిడ్లు కాదు, చక్రాలు. అందులో వేరే భూతం ఉండేది. నేల మీద ఉండగానే రెక్కల కీళ్ల దగ్గర ఊపును అణచే డ్యాంపర్లో, చక్రాల దగ్గర కుదుపును మింగే ఒలియోలో లోపం ఉంటే యంత్రం ఊగడం మొదలై, ఆ ఊపు దానంతటదే పెరిగి, కొన్ని సెకన్లలో యంత్రాన్ని పగలగొట్టేస్తుంది. గ్రౌండ్ రెజొనెన్స్ అంటారు. అందుకే మేము డ్యాంపర్లను ఇంట్లో గ్యాస్ రెగ్యులేటర్ చూసినట్టు రోజూ చూసేవాళ్లం. ఏ యంత్రానికి ఆ యంత్రం రోగం ఉంటుంది.

పెద్దవూర_వాసి (నల్లగొండ జిల్లా)

ఈ చర్చకు నేరుగా సంబంధం లేకపోయినా ఒక మాట. 2022 ఫిబ్రవరి 26న మా మండలంలో పొలాల్లో ఒక శిక్షణ విమానం కూలి, ఒంటరిగా నడుపుతున్న విద్యార్థిని మరణించారు. ఆ రోజు మధ్యాహ్నం టీవీల్లో హెలికాప్టర్ కూలిందనీ ఇద్దరు పోయారనీ స్క్రోలింగులు నడిచాయి. సాయంత్రానికి తేలిందేమిటంటే అది సెస్నా 152 అనే చిన్న విమానం, అందులో ఉన్నది ఒక్కరే. నాగార్జునసాగర్ దగ్గర నుంచి ఎగిరిన శిక్షణ విమానం. అయినా మా ఊళ్లో ఇప్పటికీ దాన్ని 'హెలికాప్టర్ పడ్డ చోటు' అనే అంటారు. ఏ యంత్రమో కూడా తెలియకముందే తప్పు ఎవరిదో మాత్రం అందరూ తేల్చేశారు.

సందేహాలరావు (కాకినాడ)

మన దగ్గర ప్రముఖుల హెలికాప్టర్ ప్రమాదాల మాటేమిటి? 2009లో పావురాలగుట్ట...

నిర్వాహకుడు

సందేహాలరావు గారూ, 2009 సెప్టెంబరు 2 నాటి ప్రమాదం శిక్షణ ప్రయాణం కాదు. దాని మీద ఈ వేదికలో ఇదివరకే వేరే చర్చ ఉంది, దయచేసి అక్కడ కొనసాగించండి. పెద్దవూర_వాసి గారు చెప్పిన విషయం విద్యార్థులకు సంబంధించినది కనుక ఉంచుతున్నాను, అయితే మరణించిన విద్యార్థిని పేరు, కుటుంబ వివరాలు ఎవరూ రాయవద్దు.

రోటరు_లెక్కలు (డల్లాస్)

తూగుడుబల్ల విషయానికి వస్తాను. కొంచెం ఓపికగా చదవండి, ఎందుకంటే కృష్ణలంక గారి అబ్బాయికి అన్నిటికన్నా ముందు తెలియవలసింది ఇదే.

రెండు రెక్కల తూగే రోటర్‌లో హెలికాప్టర్ శరీరం లోలకంలాగా రోటర్ కింద వేలాడుతూ ఉంటుంది. రోటర్ ఎటు వంగితే శరీరం అటు వస్తుంది, కానీ వేలాడేంత బరువు రోటర్ మీద ఉన్నప్పుడే. సైక్లిక్‌ను గభాలున ముందుకు తోస్తే, లేదా గాలి దెబ్బకు యంత్రం కిందికి జారితే, మనం జెయింట్ వీల్ దిగేటప్పుడు కడుపులో తేలినట్టయ్యే ఆ క్షణంలో, రోటర్ మీద బరువు దాదాపు ఉండదు. దారం వదులైన లోలకం పరిస్థితి అది. అప్పుడు కూడా తోక రోటర్ మాత్రం తన పక్కతోపు తాను తోస్తూనే ఉంటుంది. అది గరిమనాభికి పైన ఉండడం వల్ల శరీరం కుడివైపుకు దొర్లడం మొదలుపెడుతుంది.

కుడికి దొర్లితే ఎవరైనా ఎడమకు లాగుతారు. ప్రాణం పోయే తప్పు సరిగ్గా అదే. రోటర్ ఎడమకు వంగుతుంది, కానీ దారం వదులుగా ఉంది కాబట్టి శరీరం దాని వెంట రాదు. రెండింటి మధ్య కోణం పెరిగి పెరిగి, రోటర్ మధ్యభాగం తనను మోసే ఇనుపకడ్డీనే, అంటే మాస్ట్‌నే, గుద్దుతుంది. దీన్నే మాస్ట్ బంపింగ్ అంటారు. కడ్డీ విరగవచ్చు, లేదా రెక్క కేబిన్‌ను, తోకను నరకవచ్చు. చేయవలసిన పని ముందు సైక్లిక్‌ను మెల్లగా వెనక్కి తెచ్చి రోటర్ మీద మళ్లీ బరువు వేయడం. ఆ తర్వాతే ఎడమకు సరిచేయడం. క్రమం తప్పితే పని అయిపోయినట్టే. ఒకప్పుడు దీన్ని గాలిలో చేసి చూపించి నేర్పేవారు. ఇప్పుడు కావాలని లో-జీలోకి తీసుకువెళ్లడం పూర్తిగా నిషిద్ధం, అంతా నేల మీద మాటలతోనే చెప్పాలి. ఇది ఈ కంపెనీ రోగం మాత్రమే కాదు. తూగే రోటర్ ఉన్న పాత సైనిక హెలికాప్టర్లూ వియత్నాం కాలంలో ఇదే విధంగా కూలాయి.

న్యూజీలాండ్‌లో ఈ సమస్య మరీ తీవ్రమైంది. అక్కడ కొండల మధ్య గాలులు చాలా ఎగుడుదిగుడుగా ఉంటాయి. 2015 ఫిబ్రవరి 19న క్వీన్స్‌టౌన్ దగ్గర లోచీ నది లోయలో, ఆర్-22కు అన్న లాంటి నాలుగు సీట్ల ఆర్-44 ఒకటి ఇలాగే మాస్ట్ బంపింగ్‌తో గాలిలోనే విరిగిపోయి, ఇన్‌స్ట్రక్టరూ విద్యార్థీ మరణించారు. రెక్క ఎలా తాకిందో అక్కడి ప్రమాద దర్యాప్తు సంఘం చెప్పగలిగింది గానీ, అసలు అది ఎందువల్ల మొదలైందో కచ్చితంగా తేల్చలేకపోయింది. ఆ మరుసటి సంవత్సరం ఆ సంఘం రాబిన్సన్ హెలికాప్టర్లలో మాస్ట్ బంపింగ్‌ను తన ప్రత్యేక హెచ్చరికల జాబితాలో చేర్చింది.

రిచ్‌మండ్‌కూ లోచీ నదికీ ఉన్న తేడా నన్ను ఎప్పుడూ వెంటాడుతుంది. చిన్న హెలికాప్టర్లకు బ్లాక్‌బాక్స్ ఉండనవసరం లేదు. రిచ్‌మండ్‌లో ఒక విద్యార్థి చదువుకోవడానికి పెట్టుకున్న క్యాసెట్ వల్ల, అంతకుముందు ఘర్షణ గానీ గందరగోళం గానీ లేకుండా మామూలు పాఠం మధ్యలోనే అది జరిగిందని ప్రపంచానికి తెలిసింది. లోచీ నదిలో అటువంటి సాక్షి లేదు.

కుడిసీటు (తెనాలి/టెక్సాస్)

ఆ క్యాసెట్ గురించి మాకు కూడా తరగతిలో చెప్పారు. నా విద్యార్థుల్లో దాదాపు అందరూ చిన్న కెమెరాలను కేబిన్‌లో బిగించుకుని వచ్చేవారు, నేను వద్దనేదాన్ని కాదు. ఎగిరి వచ్చాక అది చూస్తూ కూర్చుంటే, 'నేను అసలు కదపలేదండీ' అని ఒట్టేసిన చేయి ఎంత కదిపిందో వాళ్లకే కనబడేది.

ఒక ముఖ్యమైన విషయం. రాబిన్సన్ కంపెనీయే తన పైలట్ హ్యాండ్‌బుక్‌లో భద్రతా సూచనలు ముద్రిస్తుంది. వాటిలో 20వది తొలి శిక్షణ ప్రయాణాల గురించే. విద్యార్థి తడబడినప్పుడు అనుభవజ్ఞుడైన గురువు సులువుగా సరిదిద్దగలడు గానీ, విద్యార్థి కంగారులో తప్పు దిశలో గట్టిగా ఒక్కసారి కదిపితే ఎంత అనుభవం ఉన్నా కాపాడలేకపోవచ్చునని అందులో రాసి ఉంది. యంత్రం తయారు చేసినవాడే ఆ మాట ఒప్పుకున్నాడు. అందుకే నేను కొత్త విద్యార్థికి మొదటి రోజు ఇంజన్ కూడా తిప్పనిచ్చేదాన్ని కాదు. పిడిని బొటనవేలు, రెండు వేళ్లతో పట్టుకోమని, ముంజేతిని తొడ మీద ఆనించమని చెప్పి, 'కదపకు, కదపాలని అనుకో, చాలు' అనేదాన్ని. గాలిలోకి వెళ్లాక మొదట పెడల్స్ మాత్రమే ఇచ్చి, తర్వాత కలెక్టివ్, అన్నిటికన్నా చివర సైక్లిక్ ఇచ్చేదాన్ని. కంట్రోల్స్ మారేటప్పుడు 'నీవి' అని నేను, 'నావి' అని వాళ్లు, మళ్లీ 'నీవి' అని నేను, మూడుసార్లు నోటితో చెప్పవలసిందే. ఇద్దరూ అవతలివారు పట్టుకున్నారనుకుని ఇద్దరూ వదిలేసిన సందర్భాలు ఈ వృత్తిలో ఉన్నాయి.

ఒక చేదు నిజం కూడా చెప్పాలి. ఇక్కడ ఇన్‌స్ట్రక్టర్లలో చాలామంది నాలాగా నిన్నటిదాకా విద్యార్థులే. 150 గంటలకు కమర్షియల్ లైసెన్సు వస్తుంది, కానీ ఆ గంటలకు ఎవరూ ఉద్యోగం ఇవ్వరు; గంటలు పెంచుకోవడానికి అందరం నేర్పే పనిలో చేరతాం. 200 గంటల నియమం లేకపోతే ఎడమ సీటులో ఎవరు కూర్చునేవారో ఆలోచించండి.

కృష్ణలంక (విజయవాడ)

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలన్నీ మావాడితో కలిసి కూర్చుని చదివాను. 'కుడికి దొర్లితే ఎడమకు లాగకూడదు' అన్నచోట వాడు ఆగి, గరిటె చేతిలో పట్టుకుని రెండు మూడుసార్లు చేసి చూసుకున్నాడు. మా ఆవిడ గరిటె లాక్కుంది.

నా వృత్తికి సంబంధించిన చిన్న సందేహం. తీగలు తగిలి హెలికాప్టర్లు పడిపోయిన వార్తలు చాలా చదివాను. ఇంత ఎత్తున ఎగిరేవారికి 33 కేవీ లైను కనబడదా?

కుడిసీటు (తెనాలి/టెక్సాస్)

కనబడదు బాబాయి గారూ, నిజంగానే కనబడదు. చెట్ల పచ్చదనం మీద, మబ్బు పట్టిన ఆకాశం మీద అల్యూమినియం తీగ కలిసిపోతుంది. అందుకే తీగ కోసం చూడవద్దని, స్తంభం కోసం చూడమని నేర్పుతారు. ఒక స్తంభం కనబడితే రెండోది ఎక్కడో ఉంది, మధ్యలో తీగ ఉంది అనుకోవాలి. దాటవలసి వస్తే తీగల మధ్యన కాకుండా సరిగ్గా స్తంభం తల మీదుగా దాటాలి, ఎందుకంటే అక్కడ తీగ ఎంత ఎత్తులో ఉందో కచ్చితంగా తెలుస్తుంది.

కృష్ణలంక (విజయవాడ)

మా లైన్‌మన్లు కొత్తవాళ్లకు చెప్పే మాట ఇదేనమ్మా. తీగ వైపు కాదు, ఇన్సులేటర్ల వైపు చూసి లైను ఏదో పోల్చుకోమంటారు.

సందేహాలరావు (కాకినాడ)

నిషేధించాలన్న నా మాటను వెనక్కి తీసుకోవడం లేదు, కానీ ఒకటి అడుగుతాను. మన దేశంలో ఇటువంటి దర్యాప్తు జరిగితే ఎవరో ఒకరిని బలిచేసి ముగించరా?

రోటరు_లెక్కలు (డల్లాస్)

అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందం 13వ అనుబంధం ప్రకారం ప్రమాద దర్యాప్తు ఉద్దేశం మళ్లీ జరగకుండా చూడటమే, నిందను గానీ బాధ్యతను గానీ పంచడం కాదు. భారత్‌లో విమాన ప్రమాదాల దర్యాప్తు విభాగం 2012లో ఏర్పడింది, 2017 నాటి నియమాలలోనూ ఇదే సూత్రం ఉంది. కాగితం మీద ఉన్నది ఇది. ఆచరణలో పోలీసు కేసు, నష్టపరిహారం, పత్రికలు ఇవన్నీ దాని పక్కనే నడుస్తాయి కాబట్టి, మీ భయానికి ఆధారం లేదని అనలేను.

పాత_చేతక్ (అల్వాల్)

మా రోజుల్లో లోపం చేసినవాడు తనంతట తాను వచ్చి చెబితే శిక్ష తక్కువ, దాస్తే ఎక్కువ అని ఒక అలవాటు ఉండేది. ఒకసారి ఒక కుర్రాడు డ్యూటీ అయిపోయి ఇంటికి వెళ్లి, రాత్రి పదకొండింటికి సైకిల్ మీద తిరిగి వచ్చాడు, ఒక స్పానర్ లెక్కకు రావడం లేదని. రెండు గంటలు వెతికి తోక బూమ్‌లో దాన్ని పట్టుకున్నాం. వాణ్ణి ఎవరూ తిట్టలేదు, టీ ఇప్పించారు. దర్యాప్తు నివేదికలో చేరవలసిన విషయం అలా బయటపడాలి తప్ప, నిందతో కాదు.

కృష్ణలంక (విజయవాడ)

నిన్న రాత్రి మావాడూ నేనూ ఆ శిక్షణ సంస్థకు ఫోన్ చేశాం. మీరు చెప్పిన దాన్ని బట్టి మూడే ప్రశ్నలు రాసుకున్నాం. నేర్పేవారికి ఆర్-22లో ఎన్ని గంటలు ఉన్నాయి? గాలి ఎంత వీస్తే పాఠం ఆపేస్తారు? విద్యార్థి సైక్లిక్ పట్టుకున్నప్పుడు ఇన్‌స్ట్రక్టర్ చేయి ఎక్కడ ఉంటుంది? మొదటి రెండింటికీ కాగితం చదివినట్టు జవాబు చెప్పారు. మూడో ప్రశ్నకు అవతలివైపు మనిషి కొంచెంసేపు ఆగి, ఎవరు నేర్పారు ఈ ప్రశ్న అని నవ్వి, ఇరవై నిమిషాలు మాట్లాడారు. మావాడు నోట్సు రాసుకున్నాడు. ఫీజులో సగం కట్టాం. మిగతా సగం మొదటి పాఠం తర్వాత కడతామంటే ఒప్పుకున్నారు.

పాత_చేతక్ (అల్వాల్)

అబ్బాయి బరువు ఎంత? ఆర్-22లో ఒక్కో సీటుకు, దాని కింది సామాను అరతో కలిపి, 240 పౌండ్ల హద్దు ఉంటుందని చదివాను, అంటే 109 కిలోలు.

కృష్ణలంక (విజయవాడ)

61 కిలోలండీ. వాళ్లమ్మ ఆవకాయ జాడీ కూడా పెడతానంటోంది, దాన్ని కూడా తూచమన్నాను.